మలేరియా క్రిమి రక్తకణంలోంచి బయటికి ఎలా వస్తుంది? నిజంగా కణం నిండిపోయి పగిలిపోతుందా?

కొండవాగు:
అందరికీ నమస్కారం. నేను ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ కోర్సు) రెండో సంవత్సరం చదువుతున్నాను, మాది పాడేరు వైపు. మూడు వారాల కింద మా తమ్ముడికి చలిజ్వరం పట్టుకుంది. మధ్యాహ్నం రెండూ మూడు మధ్యలో వణుకు మొదలయ్యేది, రెండు దుప్పట్లు కప్పి పైన అమ్మ పట్టుకుని కూర్చున్నా ఆగేది కాదు, తర్వాత ఒళ్లు కాలిపోయేది, చీకటిపడేసరికి చెమటలు పోసి దిగిపోయేది. మర్నాడు మామూలుగా లేచి తిరిగేవాడు, అన్నం తినేవాడు, హమ్మయ్య తగ్గిందనుకునేవాళ్లం. ఆ పై రోజు మళ్లీ అదే టైముకి వణుకు. రక్తపరీక్షలో వైవాక్స్ రకం మలేరియా అని తేలింది, మందులు మొదలుపెట్టాక జ్వరం రాలేదు.

ఇది చూశాక నాకు ఒక అనుమానం పట్టుకుంది. క్లాసులో మా సార్ చెప్పింది ఏంటంటే, క్రిమి ఎర్ర రక్తకణంలో దూరి 48 గంటలు పెరిగి పిల్లలు పెడుతుంది, కణం నిండిపోతుంది, ఇక పట్టక బుడగలా పగిలిపోతుంది, అప్పుడే జ్వరం వస్తుంది అని. కానీ నిండి పగిలేదైతే ఒక కణం ఇప్పుడు, ఇంకో కణం ఆరు గంటల తర్వాత పగలాలి కదా, అన్నీ ఒకే టైముకి ఎలా పగులుతున్నాయి? పైగా క్రిమి కణంలో ఊరికే ఉండదు, తన చుట్టూ ఇంకో సంచి కట్టుకుని ఉంటుందని పుస్తకంలో ఉంది. అంటే దాటాల్సిన గోడలు రెండు. రెండూ ఒకేసారి పోతాయా? వైరస్‌లు కూడా ఇలాగే కణాన్ని పగలగొట్టుకునే వస్తాయా? అన్ని పుస్తకాల్లోనూ లోపలికి ఎలా దూరుతుందో పేజీలకు పేజీలు ఉంది, బయటికి ఎలా వస్తుందో మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, తెలుగులో చెప్తే ఇంకా మంచిది.

పాత ల్యాబ్:
అమ్మా, 22 ఏళ్లుగా స్లైడ్లు చూస్తున్నాను, ఇలాంటి ప్రశ్న అడిగిన స్టూడెంట్ నాకు ఇంతవరకూ తగల్లేదు. మీ సార్ చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పారు. జ్వరం, కణాలు చిట్లడం ఒకే సమయంలో జరుగుతాయని 1886లోనే ఇటలీలో కామిల్లో గోల్జీ చూపించాడు. వరసగా రోగుల రక్తం తీసి చూస్తూ పోయి, వణుకు మొదలయ్యే వేళకే క్రిములు ముక్కలై బయటపడుతున్నాయని గమనించాడు. రోజు విడిచి రోజు వచ్చే జ్వరం ఒక రకం క్రిమిది, రెండు రోజులు విడిచి వచ్చేది వేరే రకానిది అని కూడా ఆయనే తేల్చాడు. మైక్రోస్కోపు, ఓపిక, అంతే ఆయన దగ్గర ఉన్నవి.

లోపల ఏం జరుగుతుందో మాత్రం నాకు తెలిసింది తక్కువ. ఆ పని మీదే ఉన్నవాళ్లు ఇక్కడ ఒకరిద్దరు ఉన్నారు, వాళ్లు చెప్తారు.

షైజాంట్:
చెల్లీ, నేను పీహెచ్‌డీ చేస్తున్నది సరిగ్గా దీని మీదే. దేశం బయట ఉంటున్నాను, ఇక్కడ రాత్రి అయింది, అయినా ఇది చూసి రాయకుండా పడుకోలేను.

మొదట ఆ బుడగ మాట పక్కన పెట్టు. కణం నిండిపోవడం వల్ల పగలదు. క్రిమి తాను పగలగొట్టాలనుకున్నప్పుడే పగులుతుంది. దీనికి ల్యాబులో మేం దాదాపు ప్రతి వారం చూసే సాక్ష్యం ఒకటుంది. క్రిమిలో పీకేజీ అని ఒక ఎంజైమ్ ఉంటుంది, బయటికి రావడానికి అదే మొదటి స్విచ్. దాన్ని ఆపే మందు వేస్తే క్రిములు లోపల పూర్తిగా పండిపోతాయి, పిల్లలన్నీ విడివిడిగా తయారైపోతాయి, కణం కిక్కిరిసి ఉంటుంది, అయినా ఒక్కటీ పగలదు. గంటల తరబడి అలా ఆగిపోయి ఉంటాయి. మందు కడిగేస్తే అరగంట తిరక్కుండా వరసపెట్టి చిట్లడం మొదలవుతుంది. పక్వానికి రావడం వేరు, బయటికి రావడం వేరు అని దీన్ని చూస్తే అర్థమవుతుంది. ఫాల్సిపేరం అనే ఇంకో రకం మలేరియా క్రిమి మీద చేసే పని ఇది, నేను చెప్పేవి చాలావరకు దాని సంగతులే.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న, రెండు గోడలు. నువ్వు అడిగింది చాలా సరైన ప్రశ్న. ముందు పోయేది లోపలి సంచి, దాని తర్వాత కొద్ది నిమిషాలకి బయటి కణం పొర. వరస ఎప్పుడూ ఇదే. పీకేజీ స్విచ్ పడగానే క్రిమి లోపల కాల్షియం పెరుగుతుంది, దాంతో చిన్న చిన్న పొట్లాల్లో దాచిపెట్టుకున్న సబ్‌1 అనే కత్తెర ఎంజైమ్ సంచిలోకి విడుదలవుతుంది. ఇది దాచిపెట్టుకున్న కత్తెర అని ఎందుకంటున్నానంటే, ముందే వదిలేస్తే పిల్లలు తయారు కాకముందే గోడలు పోతాయి, అప్పుడు అన్నీ చచ్చినట్టే. సబ్‌1 వెళ్లి ఇంకొన్ని ప్రోటీన్లను కోసి పనిలోకి దింపుతుంది, వాటిలో ఒకటి సెరా6. మన ఎర్ర రక్తకణం పొర వెనకాల స్పెక్ట్రిన్ అనే ప్రోటీన్‌తో అల్లిన వల ఉంటుంది, కణం సన్నటి రక్తనాళాల్లో ఒంగి సాగి మళ్లీ మామూలు ఆకారానికి వచ్చేది ఆ వల వల్లే. సెరా6 ఉన్న చోట ఆ వల తెగిపోతుంది. సబ్‌1 లేని క్రిమిని తయారు చేసి చూస్తే లోపలి సంచే పగలదు. సెరా6 లేనిదాన్ని చూస్తే సంచి పోతుంది కానీ బయటి పొర పోదు, పిల్లలన్నీ ఆ పొరలో మూటకట్టినట్టు చిక్కుకుపోయి ఉంటాయి. ఈ-64 అనే మందు వేసినా అదే బొమ్మ కనిపిస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు గుడ్డసంచిలో కట్టిన ద్రాక్షగుత్తిలా ఉంది, చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

చివరి ఘట్టం రెప్పపాటులో అయిపోతుంది. 2011లో వేగంగా తీసిన వీడియోల్లో తెలిసింది ఏంటంటే, పొరలో ముందు ఒక్క చిల్లు పడుతుంది, ఆ చిల్లు అంచు బయటికి చుట్టుకుంటుంది, తర్వాత పొర మొత్తం చొక్కా చెయ్యి తిరగేసినట్టు లోపలిది బయటికి తిరిగిపోతుంది. ఆ విసురుకి పిల్లలు చెల్లాచెదురుగా పడతాయి. ఆముదం కాయ ఎండలో చిట్లి గింజలు దూరంగా పడటం చూశావు కదా, దాదాపు అలాంటిది. లోపలి ఒత్తిడికి ఇందులో పాత్ర లేదని నేను అనను, కానీ ఒత్తిడి తనంతట తాను చేసే పని కాదు ఇది. ఇలా దూరంగా పడటం వాటికి చాలా అవసరం, ఎందుకంటే బయటపడ్డ పిల్లకి, అంటే మెరోజోయిట్‌కి ఇంకో కణంలో దూరే శక్తి కొన్ని నిమిషాలే ఉంటుంది, ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉంటే పక్క కణాన్ని పట్టుకోలేవు.

మరి అన్నీ ఒకే టైముకి ఎందుకు? మనం తినే వేళలు, శరీరంలో రోజువారీ మార్పులు క్రిమి లయ మీద ప్రభావం చూపిస్తాయి, దానితోపాటు క్రిమికి సొంత గడియారం ఉందనడానికి 2020లో వచ్చిన పరిశోధనల్లో గట్టి ఆధారాలు దొరికాయి. అయితే జబ్బు మొదట్లో ఈ లయ కుదరదు, జ్వరం ఇష్టమొచ్చినట్టు వస్తుంది. ఫాల్సిపేరంలో చాలామందికి లయ ఎప్పటికీ సరిగా కుదరదు, అందుకే జ్వరం రోజూ వస్తోంది కాబట్టి మలేరియా కాదులే అనుకోవడం ప్రమాదం. కణాలు చిట్లినప్పుడు క్రిమి చెత్త, హీమోజోయిన్ అనే గోధుమ రంగు పదార్థం, కణం తునకలు అన్నీ రక్తంలో పడతాయి, మన రోగనిరోధక కణాలు వాటిని చూసి రసాయనాలు వదులుతాయి, ఆ వణుకు, ఆ వేడి అక్కడ్నించి వచ్చేవే.

ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తాను. ఇదే క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో ఉంటుంది కదా, అక్కడ ఒక్కో కణంలో వేల పిల్లలు తయారవుతాయి. అక్కడ్నించి బయటికి వచ్చేటప్పుడు ఇంత గోల చేయదు. ఎలుకల మలేరియాలో 2006లో చూసింది ఏంటంటే, లోపలి సంచి పగిలాక పిల్లలు కాలేయ కణం పొరనే దుప్పటిలా చుట్టుకుని పొట్లాలు పొట్లాలుగా రక్తనాళంలోకి జారిపోతాయి. మెరోసోమ్ అంటారు వాటిని. కాలేయంలో కాపలా ఉండే కణాలకి అది మన సొంత కణంలాగే కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవు. కాలేయంలో క్రిమి ఉన్నన్ని రోజులూ మీ తమ్ముడికి ఏమీ తెలియకుండా ఆడుకుంటూ ఉండి ఉంటాడు. జ్వరం మొదలయ్యేది రక్తంలోకి వచ్చి అక్కడ కణాలు పగలగొట్టడం మొదలెట్టాకే.

కొండవాగు:
అన్నా చాలా థాంక్స్, రెండుసార్లు చదివాను. ఒకటి అడగొచ్చా, దోమ కడుపులోకి వెళ్లినవి కూడా కణంలోంచి బయటికి రావాలి కదా? అక్కడ గడియారం ఏంటి?

షైజాంట్:
అక్కడ గడియారం లేదు, చల్లదనమే గంట. మన ఒంట్లోంచి దోమ పొట్టలోకి వెళ్లగానే ఉష్ణోగ్రత తగ్గుతుంది, దానికి తోడు దోమలో ఉండే జాంతురెనిక్ ఆమ్లం తగులుతుంది, అంతే, పది ఇరవై నిమిషాల్లో గామెటోసైట్లు, అంటే ఆడ, మగ రూపాల క్రిములు, కణాన్ని వదిలేస్తాయి. మగవి తోకల్లాంటి కణాలను కొరడాల్లా ఆడిస్తూ విడిపోతాయి. 1880లో అల్జీరియాలో లావెరాన్ మైక్రోస్కోపులో చూసి, ఇది ప్రాణమున్న జీవి అని తేల్చుకున్నది సరిగ్గా ఈ కదలికనే. ఒంట్లోంచి తీసిన రక్తం గాజుపలక మీద చల్లబడటంతో అవి దోమలోకి వచ్చామనుకుని బయటికి వచ్చాయి! మలేరియా క్రిమిని మనిషి మొదటిసారి గుర్తుపట్టింది అది కణంలోంచి బయటికి వచ్చే క్షణంలో అన్నమాట, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. ఆ తర్వాత 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇంకా ఉంది, వీలైతే వెళ్లి చూడు.

బెజవాడ నాన్న:
నేను బయాలజీ మనిషిని కాదు, బ్యాంకు ఉద్యోగిని, కానీ ఈ చర్చ చూసి అడగాలనిపించింది. పోయిన చలికాలం మా పాపకి ఫ్లూ వచ్చింది. ముందు మామూలు జలుబు అని సిరప్ ఇచ్చి పంపించారు, నాలుగో రోజుకి తగ్గకపోతే ఇంకోచోట పరీక్ష చేసి టామిఫ్లూ రాశారు. అది వేసినా పెద్ద తేడా కనిపించలేదు, మెల్లగా దానంతట అదే తగ్గింది. ఆ మందు వైరస్‌ని బయటికి రాకుండా ఆపుతుందని ఎక్కడో చదివాను. నిజమేనా? నిజమైతే ఎందుకు పనిచేయలేదు? వారం రోజులు మేం పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

మైక్రో మేడం:
నాన్నగారూ, మీరు చదివింది నిజమే. మందు తప్పు కాదు, ఇచ్చిన రోజు ఆలస్యమైంది. ఎలాగో చెప్తాను, కొండవాగు అడిగిన మూడో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను.

ఫ్లూ వైరస్ కణాన్ని పగలగొట్టుకుని రాదు. కణం పొర మీద లోపలి నుంచి మొటిమలా ఉబ్బి, ఆ పొర ముక్కనే చొక్కాగా తొడుక్కుని విడిపోతుంది. చిక్కు ఎక్కడంటే, మన గొంతు, ముక్కు కణాల మీద సియాలిక్ ఆమ్లం అనే చక్కెర ముక్కలు ఉంటాయి, లోపలికి దూరడానికి వైరస్ పట్టుకునేది వాటినే. బయటికి వచ్చేటప్పుడు కూడా అవే అడ్డం, ఎందుకంటే అప్పుడే పుట్టిన వైరస్ తను పుట్టిన కణానికే అతుక్కుపోతుంది, పక్కనున్న తోటి వైరస్‌లకీ అతుక్కుపోతుంది. పనసకాయ కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోకపోతే జిగురు ఎలా పట్టుకుంటుందో అలా. వైరస్ ఆ నూనె తన వెంటే తెచ్చుకుంటుంది, దాని పేరు న్యూరామినిడేస్, ఆ చక్కెర ముక్కలను తెంపేసే ఎంజైమ్. 1940ల మొదట్లో జార్జ్ హర్స్ట్ కోడి రక్తకణాలకి ఫ్లూ వైరస్ కలిపితే ముందు గుంపుగా అతుక్కుని, కాసేపటికి వైరస్ తనంతట తాను వదిలేయడం చూశాడు. వదిలేశాక అవే కణాలకి మళ్లీ అదే వైరస్ కలిపితే అతుక్కోలేదు, పట్టుకునే చక్కెర పోయింది కాబట్టి. ఈ చిన్న గమనింపే తర్వాత మందుకి దారి తీసింది.

టామిఫ్లూ చేసే పని ఆ ఎంజైమ్‌ని మూసేయడం. అప్పటికే బయటికి వచ్చి తిరుగుతున్న వైరస్‌ని ఇది చంపదు, కొత్తది విడిపోకుండా ఆపుతుంది అంతే. అందుకే లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తేనే ఎక్కువ లాభం. నాలుగో రోజుకి మీ పాప ఒంట్లో వైరస్ చేరాల్సిన చోట్లకి చేరిపోయి ఉంటుంది, రోగనిరోధక శక్తి కూడా తన పని మొదలుపెట్టి ఉంటుంది. జబ్బు తీవ్రంగా ఉండి ఆసుపత్రిలో చేరినవాళ్లకి మాత్రం ఆలస్యమైనా ఇస్తారు, కాబట్టి రెండో డాక్టరుగారు రాయడం తప్పు అనలేం. 2009 మేలో దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది, అప్పుడు ఈ మందు పేరు ఇంటింటికీ తెలిసింది, కానీ ఎప్పుడు వేసుకోవాలన్నది అంత బాగా జనంలోకి వెళ్లలేదు. నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది.

డెంగీది ఇంకో దారి. అది కణం పైపొర దగ్గర తయారవదు, లోపల ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే గదిలో పుడుతుంది, కణం తన సొంత సరుకు బయటికి పంపే దారిలోనే గాల్జీ అనే ఇంకో గది మీదుగా నడుచుకుంటూ బయటికి వెళ్లిపోతుంది. అయితే గాల్జీ దాటేటప్పుడు అక్కడ ఆమ్లం ఎక్కువ. డెంగీ ఒక కణంలోకి దూరేటప్పుడు తెరుచుకునేది సరిగ్గా ఆమ్లం తగిలితేనే, మరి బయటికి వెళ్లే దారిలోనే తెరుచుకుపోతే ఎలా? అందుకని ముందుజాగ్రత్తగా ఒక మూత పెట్టుకుని వస్తుంది. ఆ మూతను కలిపి ఉంచే లంకెను మన కణం ఎంజైమ్ ఫ్యూరినే కోస్తుంది, అయినా ఆమ్లం ఉన్నంతసేపూ మూత అంటుకునే ఉంటుంది, బయటి రక్తంలోకి వచ్చి ఆమ్లం పోయాకే ఊడిపోతుంది. నేను ప్రతి ఏడాదీ పాఠంలో ఇది చెప్పేటప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

అలాగని ఏ వైరస్సూ కణాన్ని పగలగొట్టదు అనుకోకండి. చొక్కా లేని వైరస్‌లు, పోలియో లాంటివి, కణాన్ని చంపి బయటపడతాయని చాలాకాలంగా తెలుసు. కానీ అక్కడా కథ అంత సూటిగా లేదు. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ చొక్కా లేని వైరస్ అనే పుస్తకాల్లో ఉండేది, 2013లో తెలిసిందేంటంటే అది కాలేయ కణం పొరను కప్పుకునే రక్తంలోకి వస్తుంది. మలంలోకి పోయేటప్పుడు పైత్యరసం తగిలి ఆ ముసుగు కరిగిపోతుంది, అందుకే మలంలో చూసినవాళ్లకి ఇన్నేళ్లూ ముసుగు లేని వైరస్సే కనిపించింది.

షైజాంట్:
మేడం చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఉబ్బడం ఒక ఎత్తు, చివర్లో మెడ దగ్గర తెగడం ఇంకో ఎత్తు. హెచ్‌ఐవీ ఆ మెడ కోయడానికి తన దగ్గర పనిముట్టు ఏమీ పెట్టుకోదు. కణం రెండుగా చీలేటప్పుడు వాడుకునే ఎస్కార్ట్ అనే ప్రోటీన్ల బృందాన్ని పిలుచుకుంటుంది. ఆ పిలుపు చెడగొడితే వైరస్‌లు తయారై కూడా కణానికి కాడలతో వేలాడుతూ ఉండిపోతాయి. మన కణాలు కూడా ఊరుకోవు, టెథరిన్ అనే ప్రోటీన్‌తో బయటికి పోయే వైరస్‌ని కట్టేస్తాయి, హెచ్‌ఐవీ దాన్ని వీపీయూ అనే ప్రోటీన్‌తో తొలగించుకుంటుంది. ఇది తేలింది 2008లో.

బెజవాడ నాన్న:
మేడం, మూడు డాక్టర్ల దగ్గర తిరిగినా ఈ మాట ఎవరూ ఇలా చెప్పలేదు. ఈసారి పాపకి ఒళ్లునొప్పులతో జ్వరం వస్తే మొదటి రోజే పరీక్ష అడుగుతాను.

పల్లె డాక్టర్:
చదువు బాగుంది, నేను తమ్ముడి సంగతి అడుగుతాను. వైవాక్స్ అన్నారు కాబట్టి క్లోరోక్విన్ మూడు రోజులతో పాటు ప్రైమాక్విన్ 14 రోజులు ఇచ్చి ఉండాలి. ఇస్తున్నారా? జ్వరం పోయింది కదా అని చాలామంది నాలుగైదు రోజులకే మానేస్తారు. వైవాక్స్ కొన్ని క్రిములను కాలేయంలో నిద్రపుచ్చి దాచుకుంటుంది, రక్తంలో క్రిమి అంతా పోయినా అవి నెలల తర్వాత లేచి మళ్లీ బయటికి వస్తాయి. వాటిని తీసేది ప్రైమాక్విన్. అయితే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి దానివల్ల రక్తకణాలు విరిగిపోతాయి, కాబట్టి మూత్రం కాఫీ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, బాగా ఆయాసం వచ్చినా వెంటనే మందు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. గర్భిణులకి, ఏడాది లోపు పిల్లలకి ఇది ఇవ్వరు. పక్కింట్లో మిగిలిన మాత్రలు తెచ్చి వేయడం అసలు వద్దు.

కొండవాగు:
డాక్టర్ గారూ, ఇస్తున్నారు, ఈరోజుకి పదకొండో మాత్ర. రోజూ అన్నం తిన్నాక నేనే దగ్గరుండి వేయిస్తున్నాను. మూత్రం రంగు బాగానే ఉంది. ఇంకా మూడు రోజులు ఒక్కటి కూడా మిస్ కానివ్వను.

పాత ల్యాబ్:
కొండవాగూ, మీ తమ్ముడి మొదటి స్లైడ్ మీ సెంటర్లో ఉంచే ఉంటారు, పర్మిషన్ అడిగి తీయించి చూడు. రక్తం ఏ టైముకి తీశారో రాసి ఉంటుంది, ముందు అది చూసుకో. వణుకు మొదలవడానికి కాస్త ముందు తీసిందైతే పండిన షైజాంట్లు, అంటే లోపల పిల్లలు తయారైన క్రిములు, దొరకాలి. వైవాక్స్ పట్టిన కణం మామూలుదానికంటే ఉబ్బి ఉంటుంది, లోపల మెరోజోయిట్లు పన్నెండు నుంచి ఇరవై నాలుగు దాకా ఉంటాయి, మధ్యలో గోధుమ రంగు ముద్ద. వణుకు తర్వాత తీసిందైతే కొత్త రింగులే, అంటే అప్పుడే కణంలో దూరిన ఉంగరంలాంటి క్రిములే, ఎక్కువ కనిపిస్తాయి. ఫాల్సిపేరం స్లైడులో మాత్రం షైజాంట్ల కోసం వెతకవద్దు, అవి పండే వేళకి కణాలు లోపలి రక్తనాళాల గోడలకి అంటుకుపోతాయి, చిట్లడమంతా అక్కడే జరిగిపోతుంది, వేలి నుంచి తీసిన చుక్కలో రింగులు, అరటిపండు ఆకారంలో ఉండే గామెటోసైట్లు తప్ప పెద్దగా ఏమీ రావు. ఒకవేళ ఫాల్సిపేరంలో వేలి చుక్కలోనే షైజాంట్లు కనిపించాయంటే కేసు సీరియస్ అని వెంటనే డాక్టరుకి చెప్పాలి, ఇది పరీక్ష కోసం కాదు, ఉద్యోగం కోసం గుర్తుపెట్టుకో.

కొండవాగు:
సార్, ఈరోజు మధ్యాహ్నం స్లైడ్ ఇచ్చారు. టైము ఒంటిగంట అని రాసి ఉంది, ఆ రోజు వాడికి వణుకు వచ్చింది రెండు దాటాక. ఆయిల్ ఇమ్మర్షన్‌లో పెట్టి అరగంట వెతికితే మూడు షైజాంట్లు దొరికాయి. ఒకదాంట్లో లెక్కపెట్టాను, పదహారు వచ్చాయి, రెండోసారి లెక్కపెట్టినా పదహారే.